జానెడు వరదగుడి

నేలపర్తిపాడు,
8-12-1997.

శశిభూషణ్ మాస్టారికి,

బంగార్రాజు నమస్కారాలు. ఇక్కడంతా క్షేమమని రాయడానికి లేదు కాబట్టి రాయడం లేదు.

మీరు ఇంత తొందరగా డెప్యుటేషన్ వేయించుకుని గోదావరి దాటేస్తారని అనుకోలేదు. మీ సామాను వ్యాను ఎక్కించే వేళకి నేను పోలీస్ స్టేషన్‌లో కూర్చుని ఉన్నాను. మీ ఆవిడ ఫణిశ్రీ చెల్లెమ్మ మా అమ్మకి చెప్పి ఏడ్చిందట. మా ఇంట్లో మీరున్న వాటా ఖాళీగానే ఉంది. ఆరేళ్ళు ఒక చూరు కింద ఉన్నాం. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.

తమ్ముడు దుర్గాసాయిని రాజమండ్రి జైలుకి పంపారు. దిగువూరు మొగలిమూడి సత్తియ్యని చంపింది వాడేనని కేసు. మా వకీలు గారు, మీ మాస్టారు సాక్ష్యం చెబితే కేసు మన వైపు తిరుగుతుంది, జరిగింది ఆయనకి మొదట్నించీ వరసగా రాయండి అన్నారు. మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను.

దసరా వెళ్ళాక మొగలిమూడి వాళ్ళు మురుగునీళ్ళు పోయే కోడుకి అడ్డంగా మట్టికట్ట వేసుకుంటారు, తమ చివరి చేలకి నీళ్ళు నిలవడానికి. వాన పడితే ఆ కట్ట వల్ల ఎగువనున్న మా చేలు మునుగుతాయి. అందుకని మా తాతలూ వాళ్ళ తాతలూ ద్రాక్షారామంలో భీమేశ్వరుడి ఎదుట ఒక మాట అనుకున్నారు. సూర్యుడికి గానీ చంద్రుడికి గానీ చుట్టూ గుండ్రటి వెలుగుతో వరదగుడి కడితే చెయ్యి బారచాపి చూడాలి. బొటనవేలు సూర్యుడి మీద పెడితే చిటికెనవేలు గుడి అంచుకి తగలాలి. అది జానెడు గుడి, దూరపు గుడి. దూరపు గుడికి దగ్గర వాన. ఆ రోజు మేము ఎవరినీ అడగక్కర్లేదు, వెళ్ళి కట్టకి గండి కొట్టొచ్చు. వాళ్ళు అడ్డం రాకూడదు. గుడి లేని రోజు మేం పార వేస్తే తప్పు మాది.

నవంబరు పంతొమ్మిది, బుధవారం, మధ్యాహ్నం గుడి కట్టింది. మీరు బడిలో పిల్లల్ని బయటికి తీసుకొచ్చి చూపించారని ఊరంతా చెప్పుకున్నారు. మూడు దాటేసరికి గుడికి రెండు పక్కలా రెండు వెలుగులు లేచాయి. మూడు సూర్యుళ్ళలా ఉంది. మా అమ్మ తలుపు మూసుకుని లోపల కూర్చుంది. పోయినేడు తుఫానుకి పాక మీద పడి నాన్న పోయినప్పటి నుంచి ఆవిడ ఆకాశం చూడదు. చేలల్లో కోసిన వరి పనలు అలాగే పడున్నాయి. నేనూ తమ్ముడూ పారలు తీసుకుని వెళ్ళాం. మిగిలిన వాళ్ళు వెనక వస్తామన్నారు.

సత్తియ్య పది మందిని వేసుకుని కర్రలతో వచ్చాడు. వస్తూనే తమ్ముడి భుజం మీద కొట్టాడు. వాడు చేతిలో ఉన్న పార తిప్పాడు. అది తలకి తగిలింది. అంతే జరిగింది. తరవాత రెండూళ్ళూ కోడులో పడి కొట్టుకున్నాయి. మా బాబాయి కొడుక్కి చెవి తెగింది. వాళ్ళలో ముగ్గురికి తలలు పగిలాయి. మోకాటి లోతు నీళ్ళు, ఎవరి నెత్తురో తెలియలేదు.

ఇరవై ఒకటో తారీఖు తెల్లవారి వాన మొదలైంది. రెండు రోజులు కురిసింది. అప్పటికే కట్ట మీద పోలీసులు కూర్చున్నారు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కట్ట తెగలేదు. మా పనలన్నీ నీళ్ళలోనే మొలకలొచ్చాయి.

ఇప్పుడు మొగలిమూడి వాళ్ళు ఆ రోజు గుడే కట్టలేదని చెబుతున్నారు. గుడి లేకపోతే మేము దౌర్జన్యం చేసినట్టు. ఉంటే మా హక్కు మీద వెళ్ళినట్టు. మీరు కోర్టుకి వచ్చి గుడిని కళ్ళారా చూశానని చెప్పాలి. సైన్సు మాస్టారి మాట జడ్జి గారు తోసెయ్యరు.

జవాబు కోసం చూస్తుంటాను.

బంగార్రాజు


తాళ్ళగరువు,
నిడదవోలు దగ్గర,
20-12-1997.

బంగార్రాజు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. ఇక్కడి బడి చిన్నది. ఇల్లు ఇంకా కుదుటపడలేదు. ఫణిశ్రీకి జ్వరం వచ్చి తగ్గింది.

పంతొమ్మిదిన వరదగుడి కట్టిన మాట నిజం. పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఉంది. మధ్యాహ్నం పదో తరగతి పిల్లలు చూశారు. సాయంత్రం పక్క వెలుగులు నేను చూశాను. లోపలి అంచు ఎర్రగా, బయట తెల్లగా ఉన్నాయి. బడి రిజిస్టరులో రాసిపెట్టాను. ఈ సంగతి ఎక్కడైనా చెప్పగలను.

కోర్టులో అడుగుతారు కాబట్టి మీకు ముందే తెలియాల్సిన విషయం ఒకటుంది. గుడి దూరపుదా దగ్గరదా అని కొలవడంలో అర్థం లేదు. చాలా ఎత్తున, పల్చటి తెరలాంటి మబ్బులో సన్నటి మంచుముక్కలు ఉంటాయి, ఆరు పలకలవి. వెలుగు వాటిలో దూరి వంగి బయటికి వస్తుంది. ఆ వంపు ఎప్పుడూ ఒకటే. అందుకే ఆ గుడి ఎప్పుడు కట్టినా జానెడే ఉంటుంది. మీ తాతల చేతికీ అంతే, నా చేతికీ అంతే. మీరు దగ్గర గుడి అనేది వేరు. అది కింది మబ్బులో నీటి బొట్ల వల్ల వచ్చేది.

దుర్గాసాయిని చూడడానికి ఎవరైనా వెళుతున్నారా? వాడికి పొగాకు అలవాటు లేదు. అది లేని వాడికి జైల్లో రోజు గడవడం కష్టమంటారు. ఏదైనా పుస్తకం పంపండి.

మీ అమ్మగారికి నమస్కారాలు.

శశిభూషణ్


నేలపర్తిపాడు,
16-1-1998.

మాస్టారికి,

మీ ఉత్తరం వకీలు గారికి చూపించాను. చాలా సంతోషించారు. మంచుముక్కల సంగతి మాత్రం కోర్టులో ఎత్తొద్దన్నారు. గుడి చూశాను, జానెడు ఉంది, అంతవరకే చెప్పాలట.

ఇక్కడి సంగతులు రాస్తాను. ఈ నెల ఐదో తారీఖున మా కుప్ప తగలబెట్టారు. మునిగిపోగా మిగిలింది ఆ ఒక్క కుప్పే. మర్నాడు మధ్యాహ్నం గేదె గట్టు మీద మేస్తుంటే వెనక కాళ్ళ నరాలు కోసేశారు. అది ముందు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ ఇంటి వైపు రావాలని చూసింది. ఈనిన గేదె. అమ్మ బయటికి రాకముందే నేను గొడ్డలి తీసుకెళ్ళి ఆ పని ముగించాను. ఒక దెబ్బకి పోలేదు.

పదో తారీఖున మావాళ్ళు యానాం బస్సు ఆపి, మందు సీసాలతో వస్తున్న మొగలిమూడి వాళ్ళిద్దరిని దింపారు. ఒకడికి దవడ విరిగింది. రెండోవాడి చేతి మీద వాడి సీసాలే పగలగొట్టారు. నేను అక్కడే నిలబడ్డాను. ఆపలేదు. ఆపాలనిపించలేదని మీకు కాబట్టి రాస్తున్నాను.

సత్తియ్య పెళ్ళాం రత్తమ్మ రోజూ పొద్దున్నే కట్ట మీదికి వచ్చి మా ఊరి వైపు తిరిగి నిలబడుతుంది. తిట్టదు. ఊరికే నిలబడుతుంది. మా ఆడవాళ్ళు అటు వెళ్ళడం మానేశారు. మొన్న పున్నమికి పొద్దు గూకుతూనే చంద్రుడికి గుడి కట్టింది. ఊళ్ళో ఒక్కళ్ళు కూడా చెయ్యి చాపి చూడలేదు. అందరూ తలుపులు వేసుకున్నారు.

ఇప్పుడు ఇంకొక్క సాయం అడుగుతున్నాను. గుడి ఒక్కటే చాలదట. మొదట చెయ్యి చేసుకుంది సత్తియ్యేనని చెప్పే మనిషి కావాలట. మావాళ్ళెవరు చెప్పినా చుట్టాలని కొట్టేస్తారు. మీరు మాకు ఏమీ కారు. ఆ సాయంత్రం సైకిలు మీద కోడు రోడ్డున వెళుతూ చూశానని చెప్పండి. పది మంది కర్రలతో వచ్చారు, సత్తియ్య దుర్గాసాయిని కొట్టాడు, వాడు అడ్డం పెట్టుకున్న పార తగిలింది. ఇంతే. మీరు అక్కడ లేరని ఎవరూ నిరూపించలేరు, బడి వదిలాక మీరు వెళ్ళే దారే కదా.

వాడికి ఇరవై రెండేళ్ళు, మాస్టారూ. పదో తరగతి గట్టెక్కించింది మీరే.

బంగార్రాజు


తాళ్ళగరువు,
2-2-1998.

బంగార్రాజు గారికి,

ఈ ఉత్తరం రాయడానికి రెండు వారాలు పట్టింది.

కోడు రోడ్డున వెళుతూ చూశానని చెప్పమన్నారు. నేను వెళుతూ చూశాను.

సైకిలు చెయిను ఊడితే తూము దగ్గర దిగాను. మొగలి పొదల అవతల మీరున్నారు. మధ్య ఇరవై గజాలు కూడా లేదు. దుర్గాసాయి కోడులోకి దిగి వంగుని, కట్ట అడుగున మట్టి తీస్తున్నాడు. వాడికి మీ నడుము పైన కనపడదు. సత్తియ్య ఒక్కడే వచ్చాడు. చేతిలో కర్ర లేదు. తువ్వాలు ఉంది.

వచ్చి, మీరు కొడుతున్న గండిలో నిలబడ్డాడు. అతను అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“ఏంటండి బంగార్రాజు గారూ, మళ్ళీ పార పట్టుకొచ్చారు? ఆ గుడి ఉత్త మంచుముక్కల వెలుగంటండి. వానకీ దానికీ లెక్కే లేదంట. మీ ఇంట్లో ఉన్న మాస్టారే చెప్పారు. ఇంక మీ తాతల మాట చెల్లదు.”

మీరు తప్పుకోమన్నారు. అతను నవ్వాడు. “పోయినేడు మీ నాన్న పోయాడని ఈ ఏడు మా చేలు ఎండాలా?” అన్నాడు.

మీరు పార తిరగేసి కొట్టారు. మొదటి దెబ్బకి మోకాళ్ళ మీద కూలాడు. తువ్వాలు తలకి అదుముకుని, “అయ్యో, ఉండండి” అన్నాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. మూడోది పడుకున్న మనిషి మీద వేశారు. అప్పటికి దుర్గాసాయి పైకి ఎక్కాడు. మీ చేతిలోంచి పార లాక్కున్నాడు. రెండూళ్ళ వాళ్ళూ వచ్చేసరికి నెత్తురు పార వాడి చేతిలో ఉంది.

నేను పొదల వెనకే ఉన్నాను. అరవలేదు. సత్తియ్య కాళ్ళు ఇంకా కదులుతున్నాయి, నీళ్ళు పట్టాల్సింది. సైకిలు తోసుకుంటూ వెనక దారిన ఇంటికి వచ్చేశాను. డెప్యుటేషన్ వేయించుకున్నది అందుకే.

అతను చెప్పిన మాట నిజమే. ఆ రోజు ఒంటిగంటకి అప్పాయమ్మ టీ కొట్టు దగ్గర మొగలిమూడి వాళ్ళు నలుగురు అడిగారు, గుడి కట్టింది కదా, వాన వస్తుందాండీ అని. వాళ్ళలో సత్తియ్య ఉన్నాడు. అది మంచుముక్కల వెలుగు, వానకీ దానికీ లెక్క లేదు అన్నాను. అయితే కట్ట ఉంచుకోవచ్చన్న మాట అన్నాడు. నేను తల ఊపాను. ఆ మంచుమబ్బు చాలాసార్లు వాయుగుండం ముందు నడిచే మబ్బేనని నాకు తెలుసు. ఆ సగం చెప్పలేదు. ఊళ్ళో అందరూ నమ్మేదాన్ని కాదనడంలో ఒక సరదా ఉంటుంది. ఆ సరదాలో సగం చెప్పి టీ తాగాను.

నేను కోర్టుకి వస్తే గుడి ఒక్కటే చెప్పి దిగలేను. పిలిస్తే అంతా చెప్పాల్సి వస్తుంది. పిలవాలో వద్దో మీరు ఆలోచించుకోండి.

శశిభూషణ్


నేలపర్తిపాడు,
9-2-1998.

మాస్టారూ అని రాయను.

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. నువ్వు అక్కడ ఉంటే ఎందుకు అరవలేదు? అరిచుంటే నా చెయ్యి ఆగేదేమో. నీ తెలివితేటలు టీ కొట్టులో పారేసి, ఆ మాట ఎవడి నోట్లోంచో వచ్చి నా మీద పడేదాకా పొదల్లో కూర్చున్నావు. ఇప్పుడు నిజం చెబుతావా? నీకు ఇప్పుడు గుర్తొచ్చిందా నిజం?

పార లాక్కుంది వాడు. తనే చేశాడని చెప్పమని పట్టుబట్టిందీ వాడే. నీకు పెళ్ళాం ఉంది, అమ్మ ఉంది, వ్యవసాయం ఉంది, నాకేం ఉందన్నయ్యా అన్నాడు. నేను ఒప్పుకున్నాను. అవును, ఒప్పుకున్నాను. ఆ రాత కూడా నువ్వే రాసుకో.

తాళ్ళగరువు ఎక్కడుందో నాకు తెలుసు. నీ ఇల్లు బడికి రెండో సందులో, సున్నం వెయ్యని గోడ. చెల్లెమ్మ పదింటికి కుళాయి దగ్గరికి వెళుతుంది. మావాళ్ళు చూసొచ్చారు. ఒకసారి పార ఎత్తిన వాడికి రెండోసారి బరువు ఉండదు.

నోరు మూసుకుని పిల్లలకి పాఠాలు చెప్పుకో.

బంగార్రాజు


తాళ్ళగరువు,
30-3-1998.

బంగార్రాజు గారికి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే ఫణిశ్రీ రాస్తోంది. నా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. మార్చి మూడున బడి నుంచి వస్తుంటే స్కూటరు మీద ఇద్దరు ఆపారు. ఇనప కడ్డీతో కొట్టారు. ఒకడు సైకిలు కాలవలో పారేశాడు. మీ పేరు ఎత్తలేదు. నేనూ పోలీసులకి ఎవరి పేరూ చెప్పలేదు. వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. సుద్దముక్క ఎడం చేత్తో పట్టుకుంటున్నాను.

భయం వెయ్యలేదని చెప్పను. రెండు వారాలు బయటికి రాలేదు. తరవాత ఒక పొద్దున్న రాజమండ్రి బస్సెక్కాను.

దుర్గాసాయిని చూశాను. ముందు పళ్ళు రెండు లేవు. అడిగితే నూతి దగ్గర జారిపడ్డానన్నాడు. చెంప మీద కమిలిన గుర్తులు నూతి వల్ల వచ్చినవి కావు. అదే గదిలో మొగలిమూడి వాళ్ళ చుట్టం ఒకడు ఉన్నాడట. ఆ మాట వాడు చెప్పలేదు, పక్కనున్న ఖైదీ చెప్పాడు.

నన్ను చూసి చాలా సంతోషించాడు. “మాస్టారూ, గుడి కట్టిందని జడ్జి గారికి చెబుతారు కదండీ? చెబితే నన్ను వదిలేస్తారని అన్నయ్య అన్నాడు. వేసినా ఏడాదో రెండేళ్ళో వేస్తారంట” అన్నాడు. మళ్ళీ ఊడ్పుల నాటికి వచ్చేస్తానన్నాడు.

బంగార్రాజు గారూ, గుడి కట్టినంత మాత్రాన మనిషి తల పగలగొట్టే హక్కు రాదని మీ వకీలుకి తెలుసు. మీకూ తెలుసు. యావజ్జీవం పడుతుంది. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. గంట కొట్టారు, వచ్చేశాను.

టీ కొట్టులో సగం చెప్పాను. జైల్లోనూ సగమే చెప్పి వచ్చాను. మూడోసారి అలా చెయ్యలేను. ప్రభుత్వ వకీలు గారికి ఉత్తరం రాస్తాను. అంతకు ముందు మీకు తెలియాలని రాయిస్తున్నాను.

శశిభూషణ్

అన్నయ్య గారూ, కింద ఈ నాలుగు ముక్కలూ నావి. ఆయన వద్దన్నారు, నేనే రాస్తున్నాను. నేను పదింటికి కుళాయికి వెళ్ళడం మానలేదు. ఇప్పటికీ పదింటికే వెళుతున్నాను. మీరు పంపేవాళ్ళకి చెప్పండి, వెతుక్కోనక్కర్లేదు. మీ అమ్మగారు నాకు పురుడు పోసిన చేతులు గుర్తొచ్చి మీ మీద శాపనార్థాలు పెట్టలేకపోతున్నాను. అంతే.

ఫణిశ్రీ


రాజమండ్రి జైలు,
21-6-1998.

శశిభూషణ్ మాస్టారికి,

బంగార్రాజు నమస్కారాలు. ఈ ఉత్తరం ఇక్కడి వాళ్ళు చదివాకే మీకు వస్తుంది. చదవనివ్వండి.

మీ ఉత్తరం వచ్చిన వారానికి నేను ములాఖత్‌కి వెళ్ళాను. అంతకు ముందు రెండుసార్లు వెళ్ళాను గానీ వాడి ముఖం సరిగ్గా చూడలేదు. ఈసారి చూశాను. పళ్ళ సంగతి నాకూ నూతి అనే చెప్పాడు. తరవాత, “గుడి సంగతి జడ్జి గారికి అందిందా అన్నయ్యా?” అన్నాడు. అందిందన్నాను.

అప్పటికీ ఒప్పుకోలేదు. జూను నెల దాకా ఒప్పుకోలేదు. మంచివాణ్ణని మీరు అనుకోకుండా ఉండడానికి రాస్తున్నాను. ప్రభుత్వ వకీలు మిమ్మల్ని పిలిచారని తెలిసి, మిమ్మల్ని ఈసారి పూర్తిగా ముగించడానికి మనుషుల్ని మాట్లాడాను కూడా. వాళ్ళు బయల్దేరే రోజు పొద్దున్న మా ఆవిడ నాగేశ్వరి పెరట్లో పార కడుగుతోంది. వేరే పనికే. నీళ్ళు పోసి పీచుతో తోముతోంది. ఎందుకు అంతసేపు తోముతున్నావని అడిగాను. “తోమితే పోతుందేమోనని ఏడు నెలల నుంచీ చూస్తున్నానండి” అంది. పోలీసుల దగ్గరున్నది తమ్ముడి పార కదా అని బుకాయించాను. “వాళ్ళకిచ్చింది మీ పార. ఇది మీ తమ్ముడిది. దీనికి ఏమీ అంటలేదు. అయినా తోముతున్నాను” అంది. తనకి ఎవరూ చెప్పలేదు. రెండు పారల పిడులూ తనకి తెలుసు.

వెళ్ళాల్సిన వాళ్ళని వెనక్కి పిలిచాను. ఆ మధ్యాహ్నమే స్టేషన్‌కి వెళ్ళాను.

తమ్ముణ్ణి మొన్న బెయిలు మీద వదిలారు. నన్ను లోపలికి తెస్తుంటే గేటు దగ్గర ఎదురుపడ్డాం. పోలీసులు ఆపేలోపు నా చెంప మీద రెండు కొట్టాడు. మూడోది కొట్టబోతే పట్టుకున్నారు. “నన్ను అడక్కుండా ఎందుకు చేశావు?” అన్నాడు. చంపినందుకు కొట్టాడో, ఒప్పుకున్నందుకు కొట్టాడో, ఏడు నెలలు ఆగినందుకు కొట్టాడో తెలియలేదు. ఆ దెబ్బలతో మనసు తేలికపడిందని రాయను. నోట్లో నెత్తురు వచ్చింది. వాడు వెనక్కి చూడకుండా వెళ్ళాడు.

మీ మణికట్టు సంగతి ఎలా అడగాలో తెలియక అడగడం లేదు. చెల్లెమ్మకి ఏమీ రాయలేను.

కేసు ఆగస్టులో పెట్టారు. మీకు సమన్లు వస్తాయి. కొత్త వకీలు ఒకణ్ణి పెట్టారు మావాళ్ళు. తోపులాటలో ఒక్క దెబ్బ తగిలిందని చెప్పమన్నాడు. ఒక్క దెబ్బయితే శిక్ష తగ్గుతుందట. నేను అలాగే చెబుతాను, మాస్టారూ. నాకు బయటికి రావాలని ఉంది. బోనులో నిలబడితే నా నోరు ఒకటనే అంటుంది, నాకు తెలుసు.

మీరు మాత్రం మూడని చెప్పండి.

బంగార్రాజు